ఒలకబోసిన నీళ్లు

సరూర్‌నగర్ చెరువు దగ్గరున్న ఆ ప్రైవేటు బడిలో స్కూల్ లీడర్‌గా నిలబడాలంటే ముందు వ్యాసం రాయాలి. 'నన్నే ఎందుకు ఎన్నుకోవాలి' అని రాసి, పొద్దున ప్రార్థనలో అందరి ముందూ చదవాలి. ఆ తర్వాతే ఓట్లు. తొమ్మిదో తరగతి ఉదయలక్ష్మికి ఆ పదవి మీద ఎంత ఆశంటే, అన్నం ముందు కూర్చుని కూడా వాక్యాలు పేర్చుకునేది.

రాసింది తెలుగు టీచర్ సూర్యప్రభకు చూపించింది. క్రమశిక్షణ, సేవ, ఐకమత్యం అన్నీ ఉన్నాయి, ఉప్పు తప్ప.

"గిట్లాంటివి మస్తు చదివిన," అంది టీచర్. "ఆడపిల్లల బాత్రూంల నీళ్లు లేవని ఒక్క లైన్ రాసి ఊకుంటే ఎట్ల? జరిగింది ఏదన్న చెప్పు. వినెటోళ్ల మనసుకు తాకాలె."

జరిగింది ఒకటుంది. అది ఉదయకూ, ఆమె బెంచీలోనే కూర్చునే విజయశ్రీకీ తప్ప మూడో మనిషికి తెలియదు.

విజయశ్రీ వాళ్లు నల్లగొండ దగ్గరి పల్లె నుంచి వచ్చి ఎల్బీనగర్‌లో ఉంటున్నారు. బడి బాత్రూంకు భయపడి ఆ పిల్ల పగలంతా గుక్కెడు నీళ్లు కూడా తాగేది కాదు. అయినా ఓ పరీక్ష రోజున ఆపుకోలేకపోయింది. బెంచీ కింద తడి చూసి, స్నేహితురాలి మొహం చూసి, ఉదయ ఇంకేమీ ఆలోచించలేదు. తన సీసా మూత తీసి ఇద్దరి ఒళ్లోనూ గుమ్మరించి, "సారీ టీచర్, బాటిల్ ఒలికిపోయింది" అంది. చీవాట్లన్నీ తనే తింది. ఆ సాయంత్రం విజయశ్రీ బస్సెక్కేదాకా ఉదయ చెయ్యి వదల్లేదు.

అంత మంచి పని చేసిన పిల్ల ఇంత తెలివితక్కువ పని ఎలా చేసిందంటారా? ఓటు మీద ఆశ పెద్దవాళ్ల బుద్ధే నిలవనివ్వదు, ఇక పిల్లలనేం అంటాం. ఉదయ ఆ సంగతి రాసేసింది. పేరు లేకపోతే గుట్టు గుట్టుగానే ఉంటుందనుకుని 'మా తరగతిలో ఒక అమ్మాయి' అని మాత్రమే రాసింది. అక్కడితో ఆగినా బాగుండేది. 'పక్కనున్న స్నేహితురాలు నీళ్లు ఒలకబోసి ఆమె పరువు కాపాడింది' అని తన గొప్ప కూడా కాస్త కలిపింది.

ప్రార్థనలో గొంతు వణక్కుండా చదివింది. నీళ్లు ఒలకబోసిన మాట రాగానే తన తరగతి వరుసలో ఒక తల తిరిగింది, దాని వెనకే ఇంకొకటి. ఆ రోజు ఉదయ చీవాట్లు తినడం చూసినవాళ్లే అందరూ. ఇప్పుడు అందరూ విజయశ్రీనే చూస్తున్నారు. ఉదయ కాగితం మీంచి తలెత్తి అది చూసింది. అయినా మిగిలిన కాగితం చదివేసింది. చప్పట్లు చాలాసేపు మోగాయి.

ఉదయ గెలిచింది. వారం తిరక్కుండా బాత్రూంలకు నీళ్లొచ్చాయి. విజయశ్రీ మాత్రం బడికి రావడం మానేసింది.

ఆదివారం ఉదయ వాళ్లింటికి వెళ్లింది. మేడమీద కిరాయి గదులు. విజయశ్రీ తల్లి ఈరమ్మ మిషను మీద జాకెట్టు కుడుతోంది.

"జ్వరమని పండుకుంటది, చూస్తే జ్వరం లేదు," అందామె. "బడి మాటెత్తితే ఏడుస్తది. నువ్వన్న అడుగు బిడ్డా, నీ మాటైతే ఇంటది."

లోపలి గదిలో విజయశ్రీ గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

"నీళ్లొస్తున్నాయే ఇప్పుడు," అంది ఉదయ.

"మంచిగైంది."

"నీ పేరు రాయలేదు కదా."

విజయశ్రీ ఇటు తిరగలేదు. "రాసినందుకు కాదు. ముందుగాల నన్నొక్క మాట అడిగినవా? అడిగితే రాయమనేదాన్ని. నేనే లేసి, ఆ పిల్ల నేనే అని చెప్పేదాన్ని."

బడి బడినంతా ఒప్పించిన పిల్ల స్నేహితురాలిని ఒప్పించబోలేదు. సిగ్గుతో బయటికి వచ్చింది.

"ఏమన్నది? రేపొస్తదా?" అని ఈరమ్మ ఆశగా అడిగింది.

"రాదు ఆంటీ. తప్పు నాదే."

ఈరమ్మ మిషను ఆపింది. "నువ్వేం జేసినవ్ బిడ్డా?"

చెప్పాలంటే విజయశ్రీ గుట్టు మళ్లీ విప్పాలి. ఉదయ పెదవి విప్పలేదు. ఈరమ్మ తననేమనుకున్నా సరే అనుకుని, తల వంచుకుని మెట్లు దిగింది.