పెద్ద డ్రమ్ము మీద రెండు దెబ్బలు

స్కూల్ బ్యాండ్‌లో వాయిస్తే జీవితాంతం లాభమే అంటారు. అబద్ధం కాదు. తొమ్మిదో తరగతిలో బడి మానేసిన నాకు ఆ లాభం ఇంకా అందుతూనే ఉంది. పెద్ద డ్రమ్ము మోసి మోసి అప్పట్లో నడుము వెనక్కి వంగింది. వరంగల్ మార్కెట్‌లో మిర్చి బస్తాలు మోసి మోసి ఇప్పుడు ముందుకు వంగుతోంది. ఆ రెండూ సరిపోయి నిటారుగా నిలబడుతున్నాను.

నా పక్కన చిన్న డ్రమ్ము వాయించిన రాంప్రసాద్‌కు వేరే లాభం దక్కింది. తాళం తప్పినా ధైర్యంగా వాయిస్తూ పోవడం అతను అక్కడే నేర్చుకున్నాడు. ఇప్పుడు లీడరు. పాత విద్యార్థుల సంఘానికి అధ్యక్షుడు కూడా.

ఆ సంఘం మా బడిలో మళ్లీ బ్యాండ్ పెట్టాలనుకుంది. బ్యాండ్ సార్ కావాలి, చదువుతో పనిలేదు, పాత బ్యాండ్ వాడైతే చాలన్నారు. నా నడుముకు ఇంతకంటే మంచి కబురు లేదు. ఆ పని దొరక్కపోతే బస్తాల కిందే పోయేట్టున్నాను. రాంప్రసాద్ ఇంటికి పోయాను.

"ఫికర్ చెయ్యకు మొండన్నా," అన్నాడు. "వార్షికోత్సవం నాడు మైక్‌ల నీ పేరే చెప్త. శాలువ గూడ కప్పిస్త. నువ్వు జర పెద్ద డ్రమ్ము కట్టుకొని స్టేజీ కింద నిలబడు."

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ సమ్మమ్మ మూతి తిప్పింది.

"శాలువ కప్పినంక నిన్ను సారూ అని పిలవాల్నా ఏంది?"

"పిలిస్తే పలుకుత."

వార్షికోత్సవం వచ్చింది. పిల్లలు ఎండలో, పెద్దలు షామియానా కింద. బ్యాండ్ వల్ల క్రమశిక్షణ, నాయకత్వం, ఆరోగ్యం వస్తాయని రాంప్రసాద్ మైక్‌లో చెప్పాడు. ఆరోగ్యం దగ్గర బీపీ గోళీ వేసుకోవడానికి కాసేపు ఆగాడు. మేనల్లుడు సాయితేజ నీళ్ల సీసా అందించి పక్కనే నిలబడ్డాడు. ఆ పిల్లవాడు బ్యాండ్‌ను పెళ్లిళ్లలో తప్ప ఎక్కడా చూసి ఉండడు.

"ఈ బడికి కొత్త బ్యాండ్ సార్‌గ, మన..." అన్నాడు రాంప్రసాద్.

సరిగ్గా అప్పుడే గేటు బయట రోడ్డు మీదికి పాడె వచ్చింది.

మా కాలంలో బ్యాండ్ నేర్పిన కుమారస్వామి సార్ నియమం ఒకటుండేది. శవం ఎదురైతే పెద్ద డ్రమ్ము మీద రెండు దెబ్బలు పడాలి, అంతా బంద్. పాడె దాటిపోయాక ఒక్క దెబ్బ. అది పడేదాకా ఎవడూ కదలకూడదు. కదిలినవాడి పిక్కల మీద బెత్తం పడేది.

నా చెయ్యి నన్ను అడగలేదు. ధన్, ధన్.

రాంప్రసాద్ మడమలు టక్కున కలిశాయి. చేతులు తొడలకు అంటుకున్నాయి. 'మన' దగ్గర తెరుచుకున్న నోరు అట్లాగే ఉండిపోయింది. ఉపన్యాసం అయిపోయిందనుకుని జనం సంతోషం పట్టలేక చప్పట్లు కొట్టారు.

హెడ్మాస్టరమ్మ సుభాషిణి మేడం శాలువ తీసుకుని 'మన' వాడి కోసం వెతికింది. అందరికంటే దగ్గరగా ఉన్నది సాయితేజ.

ఒక్క దెబ్బ కొడితే చాలు, రాంప్రసాద్ నోరు కదులుతుంది. కర్ర ఎత్తాను. పాడె ఇంకా గేటు దాటలేదు. మోసేవాళ్లు భుజాలు మార్చుకుంటున్నారు. ఎవరి శవమో తెలియదు కానీ, ఎత్తిన కర్ర దించలేకపోయాను, కొట్టలేకపోయాను. శాలువ సాయితేజ భుజాల మీద పడింది. ఫొటో దిగారు. దండ కూడా వేశారు.

పాడె దాటింది. ధన్.

"...మన సాయితేజకు అభినందనలు!" అన్నాడు రాంప్రసాద్.

స్టేజీ దిగాక పట్టుకున్నాను.

"అన్నా, నా పేరు గదా చెప్తనన్నవు?"

"చెప్పేటోన్నే మొండన్నా. నడిమిట్ల ఆపింది ఎవలు? కప్పిన శాలువ మల్ల గుంజుకుంటే బాగుంటదా? డిసిప్లిన్ అంటే డిసిప్లినే."

"ఒక్క దెబ్బకు ముందు నోరు మెదిపితే సార్ కాష్టంలకెల్లి లేసొచ్చి కొట్టెటోడా?"

"పాత అలవాటు పోతదా," అని మేనల్లుడి భుజం మీద చెయ్యి వేసుకుని భోజనాల వైపు నడిచాడు. నడకలో తాళం మాత్రం తప్పింది.

డ్రమ్ము విప్పుతుంటే నడుము పట్టేసింది. సమ్మమ్మ వచ్చి వెనక నుంచి పట్టీ ఊడదీసింది. మార్కెట్‌కు మిర్చి లారీలు వచ్చే వేళయింది.

"పోదాం పా, సారూ," అంది.

మాటిచ్చాను కదా. పలికాను.