కుడి దవడ

"రేపు ఊరి హాల్లో నా సభకి ఆడవాళ్ళందరూ తలా ఒక పళ్ళెం పట్టుకొస్తారు. నువ్వు గుడ్డు శాండ్‌విచ్‌లు చెయ్యి. అంచులు కోసెయ్. పోయినసారిలా ఉప్పు తగ్గించి నా పరువు తియ్యకు," అన్నాడు రాయిస్, బూట్లు విప్పకుండానే వంటింట్లోకి వస్తూ.

అప్పటికే అదే పనిలో ఉన్న అతని భార్య గ్లెనిస్ కత్తి ఆపలేదు. ఎడమచేత్తో కోస్తోంది కాబట్టి అంచులు వంకరగా తెగుతున్నాయి. కుడిచేతికి కట్టిన గుడ్డ మూడో రోజుకి కూడా తడిగానే ఉంది.

"ఆ చెయ్యి గురించి ఎవరైనా అడిగితే?"

"పనిలో జారిందని చెబుతాను."

"మంచిది," అని చల్లటి బీరు సీసా తీసుకుని వెళ్ళిపోయాడు.

ఏడేళ్ళుగా ఆమె పని ఇంటి వెనక రేకుల షెడ్డులో. రాయిస్ గొర్రెల మేత భూముల్లో తవ్వి, పగలకుండా ప్లాస్టర్ కట్లు కట్టి తెచ్చిన బండల్లోంచి కోట్ల ఏళ్ళనాటి జంతువుల ఎముకల్ని బయటికి తీయాలి. గాలి గొట్టానికి బిగించిన ఉక్కు సూది క్షణానికి వందలసార్లు కొట్టుకుంటూ రాతిని పొడి చేస్తుంది. ఎముకను తాకకుండా రాతిని మాత్రమే రాల్చాలంటే రోజుకు గోరంత మేర సాగుతుంది. అక్కడ జనవరి నడి ఎండాకాలం, ఆ రేకుల కింద నలభై నాలుగు డిగ్రీలు. జీతం లేదు. పైగా ఉదయం పదింటికి టీ, మధ్యాహ్నం మాంసం, బంగాళాదుంపలు, రాయిస్ విద్యార్థులు వస్తే వాళ్ళ పక్కలూ, వాళ్ళ దుప్పట్లూ. అతని మొదటి వ్యాసం అచ్చయినప్పుడు ఆమె పేరు కోసం చివరి పేజీదాకా వెతికింది. దొరికింది. పేరు కాదు, ఒక వాక్యం. ఎల్లవేళలా టీ అందించిన నా భార్యకు కృతజ్ఞతలు.

ఇప్పుడు దొరికింది అన్నిటికన్నా పెద్దది. రెండున్నర కోట్ల ఏళ్ళ కిందట నేలమీద వేటాడిన మొసలి బంధువు. కత్తుల్లాంటి పళ్ళున్న ఎడమ దవడ, అయిదో పన్ను కింద ఒక లోతైన నొక్కు, నొక్కు పక్కన ఎముక గుబ్బ. ఇది ఇంతవరకూ ఏ మొసలికీ లేదు కాబట్టి కొత్త జాతి అన్నాడు రాయిస్. ఎవరి పేరు వాళ్ళే పెట్టుకోకూడదని ఆ శాస్త్రంలో ఆనవాయితీ. అందుకని పోయిన తండ్రి పేరు పెట్టాడు. తండ్రీ కొడుకులిద్దరి ఇంటిపేరూ టారెంట్ కదా, తన పేరూ నిలిచిపోతుంది.

ఆ గుబ్బ మీది రాయి రాలిన రోజే గ్లెనిస్ వేలు దాన్ని గుర్తుపట్టింది. ప్రతి ఉదయం మొహం కడుక్కునేటప్పుడు తన ఎడమ దవడ కింద తగిలేది అలాంటిదే. పదకొండేళ్ళ కిందట రాయిస్ పెద్ద టార్చిలైటు తిరగేసి కొట్టాడు. మాంసం మాడిందని. ఆస్పత్రిలో డాక్టరు ఎక్స్‌రే ఫిల్ము వెలుతురుకి పట్టి చూపించింది. ఎముక విరిగిన చోట అది తనకు తానే అదనంగా ఎముక వేసుకుంటుందని, అతుకు ఎప్పటికీ కనబడుతుందని చెప్పింది. ఎలా జరిగిందని అడిగేలోపు అత్తగారు మెర్ల్ పక్కనుంచి అందుకుంది, గొడ్ల గేటు తగిలిందని. బయటికొచ్చాక కారులో నెమ్మదిగా అంది: "అలాగే చెప్పమ్మాయ్. నేనూ ముప్ఫై ఏళ్ళు గేట్లకి తగులుకుంటూనే బతికాను."

మూడు రోజుల కిందట షెడ్డులో గ్లెనిస్ నోరు తెరిచింది. "రాయిస్, అది పుట్టుకతో వచ్చిన నొక్కు కాదు. దవడ విరిగి అతుక్కుంది."

అతను నవ్వాడు. "డాక్టరమ్మ సెలవిచ్చింది." తర్వాత నవ్వు ఆపి ఆమె మణికట్టు పట్టుకున్నాడు, బల్లకేసి అదిమాడు. రెండో చేత్తో సూది అందుకుని మీట నొక్కాడు. "రాతికీ నీకూ తేడా ఏంటో చూద్దాం." అరచేతి వెనక చర్మం మొదటి క్షణంలోనే చిట్లింది. రెండో క్షణంలో సూది ఎముకను తాకిన చప్పుడు ఆమెకి చెవితో కాదు, మోచేతితో వినబడింది. ఏడేళ్ళలో ఆమె ఒక్కసారి కూడా ఎముకను తాకనివ్వని సూది అది. పని అయ్యాక సూది శుభ్రంగా తుడిచి కొక్కేనికి తగిలించాడు. "కుడి దవడ దొరకలేదు. ఇక నాది తప్పని రుజువు చేసే మొగాడెవడే?"

మొగాడెవడూ లేడు. ఫిబ్రవరిలో రాయిస్ రెండు వారాలు బ్రిస్బేన్ వెళ్ళినప్పుడు, పనికిరాదని అతను చెత్తకుప్పలో పారేసిన బండను గ్లెనిస్ తీసుకొచ్చి విప్పింది. అందులో కుడి దవడ ఉంది. మూరెడు పొడవు, తిన్నగా, నొక్కు లేకుండా. లోపలివైపు పళ్ళ వెంట ఈ చివరినుంచి ఆ చివరికి ఒక సన్నటి గట్టు. ఎడమ దవడ విరిగినప్పుడు అందులోని గట్టు పొడవునా నలిగిపోయింది. మధ్యాహ్నాలన్నీ కూర్చుని రాయిస్ పుస్తకాల్లోని ప్రతి దవడ బొమ్మతోనూ పోల్చి చూసింది. ఏ మొసలికీ ఆ గట్టు లేదు. కొత్త జాతే. రాయిస్ చెప్పిన కారణానికి మాత్రం కాదు. దవడను గుడ్డలో చుట్టి పొడవాటి పిండి డబ్బాలో దాచింది. పద్దెనిమిదేళ్ళ కాపురంలో అతను మూత తీయని డబ్బా అదొక్కటే.

తెల్లారి రాయిస్ ముందు వెళ్ళాక ఆమె శాండ్‌విచ్‌లన్నీ కుక్కలకు వేసింది. క్రిస్మస్ మాంసానికి వాడే పెద్ద పళ్ళెం దించింది. నింపి, పైన ఉతికిన గుడ్డ కప్పింది. కట్టు కింద చెయ్యి సలుపుతుంటే పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని మెర్ల్ కారులో ఊరి హాలుకి వెళ్ళింది. మెర్ల్ ఒకసారి ఆ పళ్ళెం బరువు కేసి, ఒకసారి ఆమె చేతికట్టు కేసి చూసింది.

హాల్లో స్కోన్లనే గుమ్మడికాయ రొట్టెలు, కొబ్బరి కేకులు, నలభై మంది. నల్లటి మఖమలు మీద ఎడమ దవడ. బ్రిస్బేన్ నుంచి వచ్చిన శిలాజాల నిపుణురాలు డాక్టర్ హెస్టర్ వాంగ్ సరేనంటేనే వ్యాసం అచ్చవుతుంది. ఆవిడ భూతద్దంతో చాలాసేపు చూసి, కుడివైపు దొరకలేదా అని అడిగింది.

"కోట్ల ఏళ్ళ కింద ఏ వాగులోనో కొట్టుకుపోయింది," అన్నాడు రాయిస్. అందరూ నవ్వారు. "గ్లెనిస్, డాక్టర్ గారికి శాండ్‌విచ్ పెట్టు."

గ్లెనిస్ పళ్ళెం తెచ్చి మఖమలు పక్కన పెట్టి గుడ్డ తీసింది.

పళ్ళెంలో కుడి దవడ ఉంది. రాయిస్ మొహంలో రంగు దిగిపోయింది. పళ్ళ మధ్యనుంచి, ఆమెకు మాత్రమే వినబడేలా, "తియ్యి. ఇంటికెళ్ళాక నీ పని చెబుతా," అంటూ ముందుకు వచ్చాడు. అతని మోకాళ్ళకు ఒక చేతికర్ర అడ్డంపడింది. మొదటి వరసలో కూర్చున్న మెర్ల్ కర్ర అది.

"కూర్చో రాయిస్," అంది తల్లి. "అమ్మాయిని చెప్పనీ."

ఈ రాత్రికి ఆ ఇంటికి వెళ్ళనని ఆ క్షణంలోనే గ్లెనిస్‌కు తెలిసింది. డాక్టర్ వాంగ్ చూపుడువేలు పట్టుకుని ముందు కుడి దవడ మీది నున్నటి ఎముక వెంట నడిపించింది.

"ఇది విరగని వైపు. కొత్త జాతి అని చెప్పేది లోపలున్న ఈ గట్టు."

ఆ వేలినే ఎడమ దవడ గుబ్బ మీదికి తెచ్చింది. అక్కడినుంచి పైకెత్తి, తన ఎడమ దవడ కింద ఆనించింది. డాక్టర్ వాంగ్ వేలు ఆగిపోయింది. రెండూ ఒకేలా ఉన్నాయని ఆ కళ్ళలో కనబడింది.

"రెండూ విరిగి అతికినవే, డాక్టర్ గారూ," అంది గ్లెనిస్, హాలు చివరిదాకా వినబడేలా. "దాన్ని ఎవరు విరగ్గొట్టారో నాకు తెలీదు. దీన్ని ఎవరు విరగ్గొట్టారో తెలుసు."