సువొరోవ్ మునిగిన శనివారం

మా నాన్న కృష్ణమోహన్ ఉత్త మొండిఘటం. ఇక కారు నడపొద్దని, మతిమరుపు ముదురుతోందని డాక్టర్ చెప్పినా తాళాలు జేబులోంచి తీయలేదు. కిందటి వారం నా కూతురు కృతిని స్కూల్ నుంచి తేవడానికి వెళ్లి, ఫ్రీమాంట్‌లో మా ఇంటి దారే మరిచిపోయి ఫ్రీవే ఎక్కేశాడు. సాయంత్రానికి శాన్‌హోజేలో ఏదో గ్యాస్ స్టేషన్ దగ్గర దొరికాడు. వెనక సీట్లో కృతి ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లి ఉంది. నా ప్రాణాలు పోయి వచ్చాయి.

"తాళాలివ్వు నాన్నా," అన్నాను.

"ఆడి గెలుచుకోవే మైత్రీ. ఓడిపోతే మాత్రం మళ్లీ అడక్కూడదు."

ఆటంటే, గరాజ్‌లో నీలం గుడ్డ పరిచిన బల్ల మీద సుషిమా యుద్ధం. 1905లో జపాన్ నౌకాదళం రష్యా నౌకాదళాన్ని ముంచేసిన యుద్ధం. ఓడలన్నీ నాన్న చెక్కినవే. జపాన్‌వి బూడిద రంగు, రష్యావి నల్లవి, వాటికి పసుపు పొగగొట్టాలు. నాన్న ఎప్పుడూ రష్యానే. "ఓడినవాళ్లకి ఇంకో ఛాన్స్ ఇవ్వాలి కదమ్మా," అనేవాడు. పాచికలు వేసి, గురి తగిలితే ఎదుటి ఓడ మీద దూది పింజ పెట్టాలి. మూడు పింజలు పడితే ఆ ఓడ మునిగినట్టు. సేనాపతి ఓడ మునిగితే ఆటే పోయినట్టు. చిన్నప్పటి నుంచీ నేను ఒక్కసారి గెలిస్తే ఒట్టు. కన్నకూతురని జాలిపడి ఓడిపోయే మనిషి కాదు.

శనివారం పొద్దున కూర్చున్నాం. నాన్న చెయ్యి ఏమాత్రం తడబడలేదు. నా సేనాపతి ఓడ మికాసా మీద అప్పుడే రెండు పింజలు. ఆయన సేనాపతి ఓడ సువొరోవ్ మీద ఒక్కటే. ఇంకొక్కటి పడితే నా ఆట అయిపోయినట్టే.

నాన్న పాచికలు విసిరాడు. గురి తగిలింది. దూది పింజ తీసి, పద్ధతిగా గుండ్రంగా నలిపి, తన సువొరోవ్ మీదే పెట్టాడు.

అది నీ ఓడ నాన్నా అంటే ఆట ఆయనదే, తాళాలూ ఆయనవే. వెనక సీట్లో కృతి ముఖం కళ్లముందు మెదిలింది. నోరు కుట్టేసుకున్నట్టు కూర్చున్నాను. నా గురి తప్పింది. మళ్లీ ఆయన వంతు. మూడో పింజ కూడా సువొరోవ్ మీదే పడింది.

నాన్న పసుపు పొగగొట్టాల వంక చాలాసేపు చూశాడు.

"ఇది నాదే కదూ?"

"అవును నాన్నా."

"ఎప్పుడు ముంచావే? నేను చూడనే లేదు." ముఖమంతా నవ్వు. తాళాలు తీసి నీలం గుడ్డ మీద పెట్టాడు. "గట్టిదానివే తల్లీ. నన్నే ఓడించావు."

ఇన్నేళ్లూ ఈ మాట కోసమే ఆడాను. ఇప్పుడు వినలేకపోయాను. తాళాలు తీసుకుని గోడవైపు తిరిగి వెక్కి వెక్కి ఏడ్చాను.

"ఇంకో ఆట వేద్దామా?" అన్నాడు వెనక నుంచి. తిరిగి చూస్తే ఓడలు సర్దుతున్నాడు, నల్లవీ బూడిదవీ కలిపి, అన్నీ ఒకే వరసలో.