చెంచురామయ్య ఓటు

చిలకలూరిపేట పార్టీ ఆఫీసులో మంగళవారం మీటింగుకి టీలు ఎప్పుడూ ఒకటి ఎక్కువే చెప్పేవాళ్లు. ఆ ఒకటి చెంచురామయ్యకి. ఆయన పోయి ఏడాది దాటింది. ఎర్రజెండా కప్పి, ఊరేగించి, నినాదాలిచ్చి మట్టి చేసి వచ్చారు. ఆ వచ్చే మంగళవారమే ఆయన భుజాన గుడ్డసంచితో వచ్చి కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నాడు. నలభై ఏళ్లు మీటింగు ఎగ్గొట్టని మనిషికి చావొక సాకా అనుకున్నారంతా. టీ మాత్రం ఆయన ముట్టుకునేవాడు కాదు. ఇంకెవరూ తాగేవాళ్లు కాదు.

ఆఫీసు వెనక రేకుల షెడ్డులో మాబూబీ ఉండేది. మొగుడు బుడాన్ జిన్నింగు మిల్లులో మిషన్లో పడి పోతే, ఓనరు చిల్లిగవ్వ విదల్చకపోతే, చెంచురామయ్యే ఆమెని తెచ్చి అక్కడ పెట్టాడు. "నేను లెమ్మనేదాకా నిన్ను లేపేవాడు లేడమ్మా" అన్నాడు. మిరపకాయల తొడిమలు తీసుకుంటూ ఆ మాటే పట్టుకుని బతికింది పిచ్చిది.

ఆ మంగళవారం తేల్చాల్సింది ఒకటే, చెంచురామయ్య స్మారక భవనం. షెడ్డు తీసేసి కట్టాలి. కింద పురుగుమందుల షాపులకి అద్దెకిస్తారట, పైన ఆయన నిలువెత్తు ఫొటో పెడతారట. కొత్త కార్యదర్శి వీరబాబూ, ఇంకొకాయనా సరేనని చేతులెత్తారు. వద్దని కమిటీలో మూడో సభ్యురాలు లక్ష్మీదుర్గ ఎత్తింది. కిటికీ పక్కనుంచి చెంచురామయ్యా ఎత్తాడు. ఓట్లు సమానమైతే తీర్మానం వీగిపోయినట్టే.

వీరబాబు గొంతు సవరించుకున్నాడు. "కామ్రేడ్, ఈ ఏడు మీరు సభ్యత్వం రెన్యువల్ చేయించుకోలేదండి. ఓటు చెల్లదు."

"పోయినాయన ఎట్టా చేయించుకుంటాడయ్యా?" అంది లక్ష్మీదుర్గ.

"రూలు ఆయన పెట్టిందేనమ్మా. అప్పట్లో రెన్యువల్ లేదని సొంత భార్య ఓటే కొట్టేశారు."

నిజమే. చెంచురామయ్య చెయ్యి దించాడు. తీర్మానం నెగ్గింది.

ఎవరు చెప్పినా మాబూబీ కదల్లేదు. షెడ్డు కూల్చడానికొచ్చిన పొక్లెయినుకి ఎదురుగా గడపలో కూర్చుంది. తొడిమల పనికొచ్చే ఆడవాళ్లంతా వచ్చి పక్కన కూర్చున్నారు. డ్రైవరు ఇంజను ఆపేసి బీడీ వెలిగించాడు. ఇక పని జరగదని అందరికీ అర్థమైంది.

అప్పుడు వీరబాబు చెంచురామయ్య దగ్గరికెళ్లాడు. "నిర్ణయం అయ్యాక జనానికి చెప్పాల్సింది మీరేగా అండి."

తనకి నచ్చని తీర్మానాలు కూడా జీవితమంతా అలాగే మోశాడాయన. లేచి వెళ్లాడు. ఆ ఒక్కసారి వెళ్లకపోతే ఏం కొంప మునిగేదో.

"లెమ్మా మాబూబీ" అన్నాడు. పోయాక ఆయన నోరు విప్పింది అదొక్కసారే.

మాబూబీ లేచింది. కారానికి మండే చేతులతో గిన్నెలు మూటగట్టుకుంది.

"నువ్వు పోయావని ఆ రోజు పొయ్యి వెలిగించలేదన్నా" అంది. "పోయినోడివి పోయినట్టే ఉంటే ఈ షెడ్డన్నా నాకు మిగిలేది."

మూట నెత్తిన పెట్టుకుని సింగరాయకొండలో చెల్లెలి ఇంటికి వెళ్లిపోయింది.

తర్వాతి మంగళవారం కూడా టీ ఒకటి ఎక్కువే వచ్చింది. కిటికీ పక్క కుర్చీ ఖాళీగా ఉంది. కాసేపు చూసి, చల్లారకముందే ఆ టీ వీరబాబు తాగేశాడు.