మూడో పిలుపు

గోపికకు రాకెట్ల పిచ్చి ఉందని ఆ పల్లెలో తెలియనివాళ్ళు లేరు. మర్రిపాడు దాటి లోపలికి పోతే వచ్చే ముప్ఫై ఇళ్ళ పల్లె అది. ఆత్మకూరులో జిరాక్సు షాపులో పని, పొద్దున ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు. ఇంత గొడవలోనూ అమెరికాలో ఏ ప్రైవేటు కంపెనీ ఏ రోజు ఎన్ని గంటలకు రాకెట్ వదులుతుందో నోటికి చెప్పేది. "ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికి ఎగిరిందంట!" అని ఎదురింటి రాఘవమ్మ మూతి తిప్పేది. తిప్పితే తిప్పనీ, ఆమెకేం తెలుసు? మొదట్లో అది సరదానే. రెండున్నరేళ్ళుగా మాత్రం ఆ పిల్లను పట్టిన దయ్యం, అంతకు తక్కువ మాట నేను చెప్పలేను.

ఆ పిచ్చి అంటించినవాడు తమ్ముడు కోటేశ్వర్. తండ్రి పోయాక ఇంట్లో ఉన్న అరవై గొర్రెలనూ వాడే మేపేవాడు. పైకి పోయే రాకెట్ మీద వాడికి పెద్ద మోజు లేదు. "పైకి ఎవుడైనా తోలతాడక్కా. మళ్ళా దొడ్డికి రావాల గదా, అదీ పని" అనేవాడు. రాకెట్ కింది భాగం, బూస్టర్ అంటారే, అది పైభాగాన్ని ఆకాశంలో వదిలేసి, మంట మీద ఆనుకుంటూ నిలువునా దిగివచ్చి సముద్రంలో ఓడ మీద నిలబడితే వాడు లేచి ఈల వేసేవాడు. వాడి లెక్కలో అది గొర్రె. పిల్లను పైన ఈని తను దొడ్డికి తిరిగొస్తుంది. అందుకే ఏ బూస్టర్ ఎన్నిసార్లు ఎగిరిందో ఈతల్లో చెప్పేవాడు. ఇది మూడో ఈత, అది తొమ్మిదో ఈత. గొర్రె చెవికోత చూసి మంద పోల్చుకున్నట్టు ఒంటి మీద నంబరు చూసి దాన్ని పోల్చుకునేవాడు. ఎంత తెలివైనవాడో! చచ్చినవాడి కళ్ళు చారెడంటారని నాకూ తెలుసు, అయినా ఇది నిజం.

ఇక్కడ ఆ పల్లె మాట ఒకటి చెప్పాలి. మిట్టమధ్యాహ్నం గానీ దీపాలవేళ గానీ, మనిషి కనపడకుండా ఎవరైనా పిలిస్తే పలకకూడదు. మనిషైతే మూడుసార్లు పిలుస్తాడు. గాలి అయితే ఒకసారి పిలుస్తుంది, మహా అయితే రెండుసార్లు. పలికావా, నీ ప్రాణం దాని వెంట పోయినట్టే. తల్లి దేవకమ్మ బిడ్డలిద్దరికీ ఈ మాట వీపు మీద నాలుగు వేసి మరీ నేర్పింది.

రెండున్నరేళ్ళ కిందట, మాఘమాసంలో ఒక ఆదివారం. అప్పట్లో పల్లెలో ఫోను సిగ్నల్ లేదు. కొండవార పెద్ద బండ ఎక్కితే వచ్చేది. పన్నెండు దాటాక లాంచ్ ఉందని గోపిక ముందే బండ ఎక్కి కూర్చుంది. మందను నీడకు తోలి వస్తానన్నాడు తమ్ముడు. బండకు అవతల చిల్లచెట్లు, వాటి వెనక ఎప్పుడో వదిలేసిన పాడుబావి, దానికి ఆ వైపున వీళ్ళ కందిచేను. అక్కడ దేవకమ్మ కంది కోస్తోంది.

రాకెట్ లేచింది. తమ్ముడు రాలేదు. బూస్టర్ వెనక్కి తిరిగింది. అప్పుడు చిల్లచెట్ల వైపు నుంచి వినపడింది.

"అక్కా!"

ఒక్కసారే. గోపిక చుట్టూ చూసింది. నడినెత్తిన ఎండ, కనుచూపు మేర మనిషి లేడు. 'ఇంకోసారి పిలవరా' అనుకుంటూ ఊపిరి బిగబట్టి కూర్చుంది. పిలవలేదు. చేతిలో ఫోనులో బూస్టర్ ఓడ మీద దిగింది. ఆరో ఈత. చూసి నవ్వింది కూడా. ఆ నవ్వును ఆ పిల్ల ఇప్పటికీ క్షమించుకోలేదు.

సాయంత్రం గొర్రెలు మనిషి లేకుండా ఇంటికొచ్చాయి. పాడుబావి లోపల సగం లోతులో రాతి అంచు మీద చిక్కుకున్న గొర్రెపిల్ల బతికే ఉంది. దాన్ని తీయబోయి జారినవాడు అడుగున ఉన్నాడు.

తలకు రాయి తగిలి పడ్డం పడ్డమే పోయుంటాడని పల్లెంతా అన్నారు. దేవకమ్మ ఆ మాటనే పట్టుకుంది. పలకరించ వచ్చిన ప్రతి ఒక్కరితో అదే చెప్పేది. "నా బిడ్డకి నొప్పి తెలవలేదు. ఒకర్ని పిలిచే పని లేకుండా పోయినాడు." ఆమె నాలుగు మెతుకులు తింటున్నదంటే ఆ మాట బలం మీదే. వాడు పిలిచాడని గోపిక నోరు విప్పితే ఆ కాస్త బలమూ పోతుంది. విప్పకపోతే తన గుండె పగిలిపోయేలా ఉంది. కక్కలేక మింగలేక రెండున్నరేళ్ళు లాక్కొచ్చింది.

గొర్రెలను అమ్మేశారు. రాకెట్లను మాత్రం గోపిక వదల్లేదు, వదలాలన్నా అవి వదిలితేగా! బూస్టర్ ఓడ మీదికి దిగే క్షణంలో ఒక్కోసారి లైవ్ ఆగిపోతుంది. ఆ ఊపుకు ఓడ మీది కెమెరా సిగ్నల్ తెగిపోతుంది. బొమ్మ కదలదు. సరిగ్గా ఆ సందులో ఆమెకు వినపడేది, "అక్కా!" అని. షాపులో ఉన్నా అంతే, బస్సులో ఉన్నా అంతే. ఒక్కసారే. బొమ్మ తిరిగొచ్చి బూస్టర్ నిలబడి కనపడేదాకా ఆమె గుండె కొట్టుకునేది కాదు.

మొన్న శ్రావణంలో ఒక ఆదివారం సాయంత్రం నాలుగింటికి లాంచ్ పడింది. ఇప్పుడు పల్లెకే టవరు వచ్చింది. వసారాలో దేవకమ్మ వేరుశనక్కాయలు వలుస్తోంది. గోపిక నంబరు చూసి ఉలిక్కిపడింది. తమ్ముడు పోయిన ఆ మధ్యాహ్నం దిగిందే, అదే బూస్టర్.

"ఏందే అట్ట అయిపోయినావు?" అంది తల్లి.

"ఇది కోటిగాడి గొర్రె మా. ఇరవై మూడో ఈత."

దేవకమ్మ చేట పక్కన పెట్టి దగ్గరికి జరిగింది. కొడుకు పోయాక ఆమె ఆ ఫోను వంక చూడటం అదే మొదలు. తల్లీబిడ్డలిద్దరూ తలలు ఆనించి చూశారు. లేచింది, విడిపోయింది, తిరిగింది, మంట వేసుకుంటూ దిగుతోంది. బొమ్మ ఆగిపోయింది.

వినపడింది. గోపిక కళ్ళు మూసుకుంది.

"ఏమైందే? నిలబడిందా?"

"సిగ్నల్ లేదు మా. వస్తాది."

రాలేదు. లైవ్‌లో ఎప్పుడూ గలగలా మాట్లాడే కంపెనీవాళ్ళు చాలాసేపు నోరెత్తలేదు. ఆ తరవాత ఒకాయన మెల్లగా చెప్పాడు. బూస్టర్ పోయింది.

"అంత దూరం వచ్చి పోయిందా!" అంది దేవకమ్మ. "దాన్ని పిలస్తా ఉండారా వాళ్ళు?"

"అదే పిలస్తాది మా, నేను ఉండా, నేను ఉండా అని. వీళ్ళు వింటా ఉంటారు" అంది గోపిక. ఇక ఆగలేదు. "వాడు పిలిచినాడు మా! ఆ పొద్దు బావిలోంచి అక్కా అని పిలిచినాడు. ఒక్కసారే పిలిచినాడని నేను పలకలే. రెండోసారి పిలవనీలే అని బండ మీదే కూచున్నా. నేనే చంపుకున్నా మా వాణ్ణి!"

తల్లి కొడుతుందనుకుంది. గుండె ఆగిపోతుందేమోనని కూడా భయపడింది. దేవకమ్మ ఒళ్ళో పడిన శనగపొట్టు దులుపుకుంది. పక్కింటి సంగతి చెబుతున్నట్టు చెప్పింది.

"నిన్ను ఒకసారే పిలిచినాడు. నువ్వు పలక్కపోతే నా పక్క తిరిగినట్టుండాడు. నన్ను అమ్మా అని రెండుసార్లు పిలిచినాడే."

గోపిక ఫోను కింద పెట్టి తల్లి వైపు తిరిగింది.

"కొడవలి పట్టుకొని చేను గట్టు మీద నిలబడినాను. మూడోది పిలిస్తే పోదామని. ఎంత సేపు నిలబడినానో! మీకు నేర్పిందాన్ని నేను గదా, నేనెట్ట తప్పుతాను?"

ఆ పొద్దు పల్లెంతటికీ వినపడేలా ఇద్దరూ ఏడ్చారు. రాఘవమ్మ పరుగున వచ్చి, ఏమీ అర్థంకాక గడపలోనే కూర్చుండిపోయింది.

మరుసటి రోజు గోపిక షాపుకు పోలేదు. మిట్టమధ్యాహ్నం తల్లికి అన్నం పెడుతోంది. కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసి దేవకమ్మ దిగ్గున లేచి వాకిట్లోకి పోయింది. కొండ వైపు తిరిగి గొంతెత్తి అరిచింది.

"ఆఁ... వస్తన్నా నాయనా!"

గోపిక వెనకే పరిగెత్తి చెయ్యి పట్టుకుంది. "ఎవరూ పిలవలేదు మా. పలకొద్దు."

"నాకు వినపడిందే."

"ఎన్నిసార్లు?"

"ఒకసారే" అంది దేవకమ్మ, చెయ్యి విడిపించుకుంటూ. "పలికితే ఏం పోతాది? నా ప్రాణమే గదా."