ఫాక్‌నా మీద వాన

కూమ్‌డువ్ లోయలో ఎండ కాసిందంటే ఇంట్లో ఎవరూ ఉండరు. గడ్డి కోతకన్నా పోతారు, కొండ వెనక బురదనేలలో కోసి పెట్టిన మట్టిపలకల్ని తిరగెయ్యడానికన్నా పోతారు. ఆ పలకలు ఎండితేనే చలికాలం పొయ్యి మండేది.

అలాంటి ఎండ పూటే గోబ్నిట్ వాళ్ల నాన్నకి ప్రాణం మీదికి వచ్చింది. ఆయన అడిగింది డాక్టర్ని కాదు, ఫాదర్‌ని. తప్పులు చెప్పుకుని, నుదుట నూనె రాయించుకుని పోవాలని ఆ మనిషి కోరిక. చర్చి కొండకి అవతల ఉంది. లోయలో గుర్రం ఉన్నది పక్కింటి ఫాక్‌నాకే. గోబ్నిట్ అతని చేలోకి పరుగెత్తింది.

"ఫాక్‌నా అన్నా, బండి కట్టవా? నాన్న ఫాదర్‌ని తెమ్మంటున్నాడు."

అతను గుర్రాన్ని ఆపలేదు. "గడ్డి ఇప్పుడే ఎండింది పిల్లా. ఇవాళ పోగెయ్యకపోతే ఏడాది కష్టం వానపాలు. మీ నాన్నది గట్టి ప్రాణం, సాయంత్రం దాకా ఉంటాడులే."

"నీకు పుణ్యముంటుంది అన్నా."

"సాయంత్రం అన్నానా లేదా?"

గోబ్నిట్ కాలినడకనే కొండెక్కింది. ఫాదర్ కాటర్‌ని వెంటబెట్టుకుని వచ్చేసరికి, ఎదురింటి పెగ్ అవ్వ చావింటి ఆనవాయితీ ప్రకారం గోడ గడియారం ఆపేసి, అద్దం మీద గుడ్డ కప్పేసి, మంచం పక్కన కూర్చుని ఉంది.

గోబ్నిట్ ఏడవలేదు. తిన్నగా పోయి ఫాక్‌నా చేను గోడ దగ్గర నిలబడింది. అతను ఆఖరి గడ్డికుప్పకి తాడు బిగిస్తున్నాడు.

"ఇంక నీకు ఎండ పూటన్నదే ఉండకూడదు," అంది.

వాన మొదలైంది. అతని మీద, ఆ కుప్ప మీద. గోడ దగ్గర ఆమె పొడిగానే ఉంది.

ఆనాటి నుంచి ఫాక్‌నా ఎటు పోతే వాన అటు పోయింది, పెళ్లిపందిరంత మేర. కూడలిలో కబుర్ల దగ్గరికి అతనొస్తే మగవాళ్లు రెండడుగులు జరిగి, పొగతాగే పైపులు ఆరిపోకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడుకునేవాళ్లు. ఆదివారం పూజకి అతను చర్చిలోకి వెళ్లాక గానీ ఆడవాళ్లు గొడుగులు ముడిచేవాళ్లు కాదు. గడ్డికోతలప్పుడు భార్య హన్నా, "నువ్వు గడప దాటకు మహానుభావా, నేనూ మా తమ్ముడూ చూసుకుంటాం," అని అతన్ని ఇంట్లో కూర్చోబెట్టేది. అందరూ ఎండలో పని చేస్తుంటే అతను కిటికీలోంచి చూస్తూ ఉండేవాడు. ఆ కిటికీ వైపు చూడకుండా గోబ్నిట్‌కి పూట గడిచేది కాదు. చూస్తే తిన్నది ఒంటబట్టేది.

కొన్నేళ్లకి ఓ వేసవిలో చినుకు రాల్చకుండా ఆకాశం బిగుసుకుపోయింది. ఆలుగడ్డ మొక్కలు తలలు వాల్చాయి. ఆ పంట పోయిన కాలంలోనే వాళ్ల తాతముత్తాతలు ఊళ్లకి ఊళ్లు ఆకలితో పోయారు. అందుకే లోయలో ముసలివాళ్లు హడలిపోయి పూటకోసారి చేలోకి పోయి మొక్కలు తడిమి చూసుకున్నారు. ముందుగా తేరుకున్నది పెగ్ అవ్వే.

"ఒరే ఫాక్‌నా, నా చేలో ఓసారి అటూ ఇటూ తిరిగిపోరా నాయనా. గుడ్లు ఉడకబెట్టి పెడతా."

తిరిగాడు. మొక్కలు లేచి నిలబడ్డాయి. మర్నాడు పొద్దున అతని గుమ్మం ముందు లోయంతా ఉంది.

అంతే, ఫాక్‌నా దర్జా మారిపోయింది. ఏ ఇంటికి పోయినా పొయ్యి పక్క కుర్చీ అతనిదే, పందిమాంసంలో మంచి ముక్క అతనిదే. టోపీ తియ్యకుండా అడిగినవాడి చేలోకి అడుగుపెట్టేవాడు కాదు. గోబ్నిట్ చేను పక్కన మాత్రం రోజూ నడిచేవాడు, చినుకులన్నీ దారికి అవతలి వైపే పడేలా. ఆమె మొక్కలు మాడిపోతున్నాయి.

"అడుగు గోబ్నిట్," అన్నాడోనాడు, ముక్కు మీంచి నీళ్లు కారుతుంటే. "మీ నాన్న కోసం బతిమాలావే, అలా బతిమాలు. వస్తాను."

 ఆ క్షణంలోనే ఆమె నాలుక చివర ఓ మాట ఆడింది గానీ మింగేసింది. లోయలో ఇంకా తడవని చేలు ఉన్నాయి. అవన్నీ తడిసేదాకా, తన చేను పూర్తిగా ఎండిపోతున్నా సరే, ఆగింది.

జూలై ఆఖరి ఆదివారం వచ్చింది. కొత్త దుంపలు తవ్వుకుని, పవిత్రమైన బావి చుట్టూ జపం చేస్తూ తిరిగే రోజు. బావి ఎండిపోయింది కాబట్టి ముందు నడవాల్సింది ఫాక్‌నాయే అన్నారు. కొత్త కోటు వేసుకుని, తన వానలో తాను తడుస్తూ, పెళ్లికొడుకులా వచ్చాడు. గోబ్నిట్ ఎదురెళ్లి నిలబడింది.

ఆమె మొహం చూడగానే అతనికి అర్థమైపోయింది. "వద్దు," అన్నాడు. "గోబ్నిట్, ఆ మాటనకు. నీ చేలోకి ఇప్పుడే వస్తాను. పరుగెత్తుకొస్తాను."

"నిన్ను క్షమించాను ఫాక్‌నా," అంది, అందరికీ వినబడేలా. "మనసారా క్షమించాను."

వాన ఆగిపోయింది. ఎండకి అతని కోటులోంచి ఆవిరి లేచింది. ఒకరి తర్వాత ఒకరు టోపీలు తలకి పెట్టుకున్నారు.

"కాస్త జరుగు నాయనా, దారికడ్డం," అంది పెగ్ అవ్వ. జనం అతన్ని దాటుకుని బావి చుట్టూ తిరిగారు.

ఆగస్టులో అందరి వానా అందరి మీదా పడింది. ఇంటికో బకెట్టు చొప్పున గోబ్నిట్‌కి దుంపలు చేరాయి. ఫాక్‌నాని ఎవరూ పిలవలేదు. చలి మొదలయ్యాక ఓ మధ్యాహ్నం అతనే ఆమె గుమ్మంలోకి వచ్చి, టోపీ చేత్తో నలుపుతూ నిలబడ్డాడు.

"నన్ను మళ్లీ తిట్టు," అన్నాడు. "ఒక్క మాట. అప్పుడన్న మాటే."

"నాకు నీ మీద కోపం లేదుగా," అంది గోబ్నిట్. అది అబద్ధం. "టీ తాగుతావా?"

ఆ దేశంలో మొదటిసారి అడిగితే ఎవరూ తాగుతాననరు. వద్దంటారు, మళ్లీ అడిగితే మళ్లీ వద్దంటారు, మూడోసారికి కుర్చీ లాక్కుంటారు. అడగడం ఆపేస్తే పొమ్మన్నట్టే.

"అబ్బే, నీకెందుకు శ్రమ," అన్నాడు ఫాక్‌నా, కుర్చీ వైపు చూస్తూ.

"సరే అయితే," అంది గోబ్నిట్.