సముద్రం దాటని తద్దినం

మామగారి తద్దినం రోజు సాయంత్రానికి మల్‌సున్ నడుము విరిగిపోయింది. ముందురోజు నుంచీ పొయ్యి ముందే నిలబడి పెసర అట్లు పోసింది, చేపలు వేయించింది, వెల్లుల్లి తగలకుండా ఆకుకూరలు కలిపింది, ఆక్టోపస్ ఉడికించింది. ఆక్టోపస్ లేనిది తద్దినమే కాదని కొరియాలో ఈ ఆండోంగ్ ఊరి మగవాళ్ళ పట్టుదల. ఉడికించేది వాళ్ళు కాదు గనక పట్టుదలకేం, ఎంతైనా పడతారు.

ఆమె ఆ ఇంటికి పెద్దకోడలు. పెద్దకొడుకు గిచొల్‌ని చేసుకున్న పాపానికి ఆ వంశంలో చచ్చినవాళ్ళందరూ ఆమె చేతివంటకే వస్తారు. తోడికోడలు చర్చిలో కలిసింది కాబట్టి తద్దినం వంట ముట్టుకోదు. వండటానికి అడ్డొచ్చే ఆ దేవుడు తినడానికి మాత్రం ఏనాడూ అడ్డు రాలేదు. ఈసారి ఆ మనిషి రానేలేదు.

ఇదే ఆఖరు తద్దినం కావాలని మల్‌సున్ ఆశ. బజారులో ముప్పై ఏళ్ళు కూరల దుకాణం నడిపి, దాన్ని అమ్మేసి, ఆ డబ్బు ఫిలిప్పీన్స్‌లో డిపాజిట్ వేసింది. రిటైరైన విదేశీయులు అలా వేస్తే ఆ దేశం ఉండనిస్తుంది. వసంతంలో మనీలా వెళ్ళి వేలిముద్రలు ఇచ్చి వచ్చింది కూడా ఆమే. గిచొల్‌కి అప్పుడు స్నేహితులతో కొండలెక్కే పని తగిలింది. అక్కడే డుమగెటే అనే ఊళ్ళో సముద్రం దగ్గర చిన్న అద్దె ఇల్లు చూసి పెట్టింది. ఇక్కడ గీచిగీచి బతికే పెన్షన్‌తో అక్కడ పనిమనిషిని కూడా పెట్టుకోవచ్చు. పుట్టి బుద్ధెరిగాక ఇంకొకరు వండింది తింటూ కూర్చోవాలని ఆమెకి మొదటిసారి అనిపించింది.

మరిది గిబొమ్, ఆడపడుచు సుక్జా చీకటి పడబోతుండగా దిగారు. వంటింట్లో విరిగిన అట్ల ముక్కలు నోట్లో వేసుకున్నాకే సుక్జా అసలు సంగతి ఎత్తింది.

"అయితే వదినా, దేశం వదిలి పోతున్నావటగా! మరి నాన్న సంగతేంటి? తద్దినం నాడు ఆయన సముద్రం దాటి ఎలా వస్తాడు? ఆయనకి వీసా నువ్వు తీస్తావా?"

"బతికుండగా బస్సెక్కితేనే వాంతి చేసుకునేవారు. అంత దూరం ఆయన్ని లాక్కుపోతానా? మీ ఇంట్లో పెట్టు, నడిచొస్తారు."

"బాగుంది! పెళ్ళైనదాన్ని, పరాయింటి మనిషిని. నేనెలా పెడతాను?"

"నేను మాత్రం ఈ ఇంట్లో పుట్టానా?"

గిబొమ్ గొంతు సవరించుకున్నాడు. "పెద్దవారు, మీరే ఇలా మాట్లాడితే ఎలా వదినా? బంధువులు మా మొహాన ఉమ్మేయరూ? అన్నయ్యా, నువ్వు చెప్పు."

గిచొల్ అప్పటిదాకా బెల్లంకొట్టిన రాయిలా కూర్చున్నాడు. మల్‌సున్ ఆయన వంకే చూసింది. డుమగెటే ఇంటి ఫొటోలు స్నేహితులకి చూపించి గొప్పలు పోయింది ఈయనే. "మేం వెళ్తున్నాం" అని ఒక్క మాట అంటే చాలు, ఆమెకి ఇంకేమీ అక్కర్లేదు.

"దీనికింత రాద్ధాంతం దేనికిరా?" అన్నాడు గిచొల్. "ప్రతి తద్దినానికీ మీ వదిన వచ్చి వండిపెట్టి పోతుంది. విమానాలు లేవా ఏంటి? దణ్ణాలు నువ్వు పెట్టెయ్. నా మోకాళ్ళకి ఆ తిరుగుళ్ళు పడవు, నేనక్కడే ఉంటాను."

"మా అన్నయ్యది ఎంత మంచి మనసో!" అని మురిసిపోయింది సుక్జా.

అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టుంది వ్యవహారం. మల్‌సున్‌కి ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన మీద విసుగు వచ్చింది, జాలి వేసింది, కోపం వచ్చింది. అసహ్యం మాత్రం ఇప్పుడే పుట్టింది.

హాల్లో బల్ల సిద్ధమైంది. పెద్దాయన ఆత్మ లోపలికి రావడానికి వీధి తలుపు బార్లా తెరిచారు. అన్నదమ్ములు కోట్లు తొడుక్కుని నిలబడ్డారు. మల్‌సున్ వంటింట్లోంచి ఒక పళ్ళెం తెచ్చి సరిగ్గా మామగారి ఫొటో ముందు పెట్టింది. పళ్ళెంలో పీచ్ పండ్లున్నాయి.

సుక్జా కెవ్వుమంది. పీచ్ పండు ఉన్నచోటికి ఆత్మ రాదు, వచ్చినా నిలవదు. పసిపిల్లలకి కూడా తెలిసిన సంగతి అది. తద్దినం బల్ల దరిదాపుల్లోకి దాన్ని ఎవరూ తీసుకురారు.

"పొరపాటున పెట్టారు, తీసెయ్యండి! ముందు తీసెయ్యండి!" అని గిబొమ్ చేతులు చాచాడు గానీ ముట్టుకోలేదు.

"పొరపాటేం కాదు," అంది మల్‌సున్. "ఆయన మీద నాకు కోపం లేదు. చచ్చాక ఆయన నన్ను ఏదీ అడగలేదు. అడిగేదంతా మీరే."

గిచొల్ మొహం కందగడ్డలా అయింది. "ఒళ్ళు తెలిసే చేస్తున్నావా ఏమే? నేను రానంటే నువ్వా దేశం గడప తొక్కగలవా? మొగుడు లేకుండా నీకెవడిస్తాడు వీసా?"

తండ్రి పోయినప్పటి నుంచీ ప్రతి కాగితంలోనూ ఇంటిపెద్ద తనే అయినవాడు, అక్కడ కూడా అంతే కాబోలనుకున్నాడు. ఒక్కసారి అడిగినవాడు కాదు, చదివినవాడు కాదు.

"ఎప్పుడో ఇచ్చారు. డిపాజిట్ నాది, అక్కడ ఉండనిచ్చే కార్డు నా పేరున వచ్చింది. అక్కడ ఇంటిపెద్దని నేను. నా మీద ఆధారపడ్డ మనిషిగా మీ పేరు చేర్చాలి. ఆ కాగితాలు రేపు పంపుదామనుకున్నాను. ఇక పంపను."

గిచొల్ తమ్ముడి వైపు చూశాడు. గిబొమ్ బల్ల వైపు చూశాడు. "ఇదంతా అందరి ముందా? మనం తర్వాత మాట్లాడుకుందాం," అన్నాడు గిచొల్ గొంతు తగ్గించి.

"మోకాళ్ళ నొప్పులన్నారుగా, ఇక్కడే ఉండండి. అన్నయ్యంటే పడిచచ్చే చెల్లెలు ఉండనే ఉంది."

సుక్జా ఇక ఆగలేదు. వేలు చూపిస్తూ మీదికొచ్చింది. "పో! పోయి ఆ పరాయి దేశంలో దిక్కులేకుండా చావు! నీకు తద్దినం పెట్టేవాళ్ళు కూడా ఉండరు, చూస్కో!"

ఆండోంగ్‌లో ఒక మనిషిని ఇంతకన్నా పెద్ద మాట అనలేరు. మల్‌సున్ తడిచేతులు తుడుచుకుని ఆడపడుచు మొహంలోకి చూసింది.

"పెట్టకూడదనే పోతున్నాను సుక్జా. నా పేరు చెప్పి ఇంకో ఇంటి పిల్లని ఈ పొయ్యి ముందు నిలబెట్టడం నాకిష్టం లేదు."